గమ్ము బావ సంతకం

"ఇలా మాట్లాడే తలతిక్క మనిషి ఎవడే?" అని అడిగాడు మా బావ, కాగితం మీంచి కళ్లు ఎత్తకుండానే.

"నువ్వే" అన్నాను.

"నేనా!"

"ఆఁ, నువ్వే. నీ అభిప్రాయమే రాశాను. కింద సంతకం పెట్టు, నాకు పనుంది."

బావ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఈసారి పైకే చదివాడు. "'తెల్ల గమ్ము వాడేవాళ్లు బద్ధకస్తులు. వాళ్లకు పుస్తకం మీద ప్రేమ లేదు. త్వరగా ఆరుతుందన్న ఒక్క సాకు తప్ప వాళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.' ఏమే మైదా, ఇది నా అభిప్రాయమా, నా మీద నీ అభిప్రాయమా?"

వెనక గదిలోంచి మా అక్క పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం లాక్కుని, చెప్పులేసుకుని వచ్చేశాను. సంతకం మాత్రం పడలేదు.

నేను కాలేజీ లైబ్రరీలో పుస్తకాల రిపేరు గదిలో పనిచేస్తాను. ఇరవై ఆరేళ్లయింది. చిరిగిన పేజీలు అతికించడం, ఊడిపోయిన ఫారాలు, అంటే మడతపెట్టిన పేజీల కట్టలు, మళ్లీ కుట్టడం, వెన్ను విరిగిన పుస్తకానికి కొత్త వెన్ను వేయడం నా పని. బాగుచేసిన ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల ఒక చిన్న చీటీ అంటిస్తాం. ఏం వాడాం, ఎప్పుడు చేశాం, ఎవరు చేశాం అని రాసి సంతకం పెడతాం. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో, వాళ్లు తడుముకోకూడదు కదా.

మా గదికి పెద్దాయన ఒకరుండేవారు. ఆ ఏడాది చివర్లో ఆయన రిటైరవ్వాలి. ఆ కుర్చీలోకి నేనే రావాలని ఆయనా అనేవారు, నేనూ అనేదాన్ని. ఆఫీసు రూలు మాత్రం డిగ్రీ కావాలంటుంది. అందుకని యాభై దాటాక సాయంత్రం కాలేజీలో చేరి, మూడేళ్లు ముక్కుతూ మూలుగుతూ అన్నీ గట్టెక్కించాను. ఒక్క వ్యాసరచన మిగిలింది. అందులో రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే సూదిలో దారం ఎక్కించడం రానివాడెవడో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు, నేను వాడికి సూది అందించాలి. ఆ మాట తలచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

వ్యాసరచన చెప్పే మేడమ్‌కి ముప్ఫై ఏళ్లుంటాయో లేదో. గొంతు పెంచదు. పెంచకుండానే మనిషిని కూల్చేస్తుంది. "మీ వ్యాసంలో ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే మీరు వాయించేస్తున్నారండీ. వాళ్లసలు ఏమంటున్నారో నాకు తెలిస్తే కదా, మీ జవాబు బాగుందో లేదో చెప్పడానికి?" అంది రెండోసారి తప్పించినప్పుడు.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ల వాదన రాసిన పేరా ఉంటుందే, దాన్ని ఆ అభిప్రాయం నిజంగా ఉన్న మనిషికి చూపించాలి. ఆ మనిషి చదివి, 'నా మాట ఇదే' అని కింద సంతకం పెట్టాలి. సంతకం లేని వ్యాసాన్ని ఆమె దిద్దదు. ఇక రాసిన ప్రతి మాటకూ నమ్మదగ్గ ఆధారం చూపించాలి.

లైబ్రరీ పుస్తకాలను మైదా ఉడికించిన పిండి జిగురుతోనే బాగుచేయాలి, తెల్ల గమ్ము ముట్టకూడదు. ఇదీ నా వ్యాసం. దీనికి ఎదురు నిలిచే మనిషి కోసం నేను ఊరంతా వెతకనక్కర్లేదు. మా అక్క మొగుడే ఉన్నాడు.

మా నాన్న బైండరు. బావ నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు, పనితోపాటు మా అక్కనీ చేసుకున్నాడు. నాన్నకు ఒక నోటుబుక్కు ఉండేది. జిగురు పాళ్లు, అట్టల కొలతలు, కుట్లకు బొమ్మలు, మధ్యమధ్యలో విసిగించినవాళ్ల మీద రెండు తిట్లు, అన్నీ అందులోనే. ఆయన పోయిన ఏడాది దాని వెన్ను ఊడింది. పిండి జిగురు కాచి, నిదానంగా కుట్టి బాగుచేస్తానని నేను దారం కూడా ఎంచి పెట్టుకున్నాను. ఈలోపు బావ దాన్ని పట్టుకెళ్లి, ఒక్క పూటలో తెల్ల గమ్ము దట్టించి, అంచులు నున్నగా కోసి, "ఎలా ఉంది?" అంటూ నా చేతిలో పెట్టాడు. ఎలా ఉందో నేను గంటసేపు చెప్పాను. వీధిలోవాళ్లు కూడా విన్నారు. చివర్లో "ఇంక ఇది నువ్వే ఉంచుకో" అని విసిరేసి వచ్చాను.

ఇరవై రెండేళ్ల నాటి మాట అది. నోటుబుక్కు బావ బైండింగు షాపులో బీరువాలోనే ఉంది. ఎప్పుడు అడిగినా "భేషుగ్గా ఉంది" అంటాడు. చూపించమంటే తాళం చెవి కనపడదు. ఆ రోజునుంచీ నేను ఆయనకు మైదాని, ఆయన నాకు గమ్ము బావ. కలిసి తింటాం, కలిసి నవ్వుతాం, పిల్లలకు జ్వరమొస్తే ఒకరింటికొకరం పరుగెత్తాం. జిగురు మాట వస్తే మాత్రం అక్క ఎదురుగా ఉన్న గాజు గ్లాసులు తీసి లోపల పెట్టేస్తుంది.

సరే, సంతకం లేకుండానే మంగళవారం క్లాసుకి వెళ్లాను. మేడమ్ నా పేరా చదివి, "నేనైనా సంతకం పెట్టనండీ" అంది. "పోనీ, మీ వైపు ఆధారం ఏదైనా చూపించండి."

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. దబ్బుమని చప్పుడైంది. తోలు అట్ట, బంగారు అక్షరాలు, నాలుగు వేళ్ల మందం. 'పుస్తక రక్షణ' అని పేరు. పిండి జిగురు గురించి అందులో మూడు వందల పేజీలున్నాయి. వాటిలో ఒక్క చెడ్డ మాట లేదు.

"ఈ పుస్తకాన్ని మీరెందుకు నమ్మారు?" అని అడిగింది మేడమ్.

"అదేం ప్రశ్న మేడమ్! ఆ కుట్టు చూడండి. ఫారం ఫారంగా చేత్తో కుట్టారు. మూలలు చూడండి, ఎక్కడన్నా నలిగాయా? వెన్ను తలదగ్గర పట్టుదారం అల్లారు. ఇంత శ్రద్ధగా చేసిన పుస్తకంలో అబద్ధాలు రాస్తారా?"

వెనక బెంచీలో పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుని, వెన్ను నిమిరి, నిజంగానే మెచ్చుకుంది. "బైండు చేసినవాళ్లను నమ్మొచ్చండీ. రాసినవాళ్ల సంగతి ఇంకా తెలియలేదు. ఎవరు రాశారు? వాళ్లకెలా తెలిసింది? రాసినందుకు వాళ్లకేమైనా ఒరిగిందా?" అంటూ మొదటి పేజీ తిప్పి, దాని వెనక సన్న అక్షరాల మీద వేలు పెట్టి నా వైపు తిప్పింది.

చదివాను. పిండి జిగురు పొడి తయారుచేసే కంపెనీ ఒకటి, తన యాభై ఏళ్ల ఉత్సవానికి వేయించి ఉచితంగా పంచిన పుస్తకమది. ఇరవై ఆరేళ్లుగా రోజూ పుస్తకాలు విప్పి చూసేదాన్ని. ఆ పేజీ మాత్రం చూడలేదు. భూమి చీలి లోపలికి పోతే బావుణ్ననిపించింది.

"మీ బావగారి దగ్గరేమైనా ఆధారం ఉందా?" అంది మేడమ్ మెల్లిగా.

ఉంది. గొడవైన ప్రతిసారీ బావ నా ముఖం ముందు ఆడించే పుస్తకం ఒకటుంది. పుస్తకం అనకూడదు దాన్ని. పదహారు పేజీలు, రెండు పిన్నులు, ఆ పిన్నులకూ తుప్పు. "ఇది పుస్తకమా, బస్సు టిక్కెట్టా?" అని నేను ఎప్పుడూ ముట్టుకోనైనా లేదు.

మర్నాడు బావ లేని వేళ చూసి షాపుకి వెళ్లాను. అక్క అడక్కుండానే దాన్ని సొరుగులోంచి తీసి నా సంచిలో వేసింది. "ఇప్పటికైనా చదువు తల్లీ. మీ ఇద్దరి మధ్యా నా చెవులు చిల్లులు పడ్డాయి" అంది.

మధ్యాహ్నం టిఫిను డబ్బా పక్కకు నెట్టి, రిపేరు గది కిటికీ దగ్గర కూర్చుని చదివాను. ఒక విశ్వవిద్యాలయంలో కాగితాలను పరీక్షించే గదిలో పనిచేసే ఇద్దరు రాసింది అది. ఏ పుస్తకాలు తీసుకున్నారో, మిషను పెట్టి వాటిని ఎన్నిసార్లు తెరిచి మూశారో, పురుగులున్న పెట్టెలో ఎన్నాళ్లు ఉంచారో, అన్నీ వివరంగా ఉన్నాయి. ఏ కంపెనీ దగ్గరా పైసా తీసుకోలేదని కూడా రాశారు. తెరిచి మూసే పరీక్షలో తెల్ల గమ్ము గెలిచింది. పురుగుల పెట్టెలో పిండి జిగురు పుస్తకాలు జల్లెడలయ్యాయి. చివరి పేజీలో మాత్రం, "మేము చూసింది అయిదేళ్ల వరకే. ఆ తర్వాత ఈ గమ్ము ఎలా మారుతుందో మేము చెప్పలేము" అని వాళ్లంతట వాళ్లే రాసుకున్నారు. తమకు తెలియనిది తెలియదని రాసినవాళ్లను నమ్మకుండా ఎలా ఉంటాను?

నిజం చెప్పాలంటే ఆ జల్లెడలు నాకు కొత్త కాదు. పోయిన వానల్లో మా కింది గది అరల్లో నా చేతి పిండి జిగురు పుస్తకాలు ఓ ముప్ఫైదాకా పురుగు పట్టాయి. పురుగు పట్టకుండా జిగురులో వేసే తుత్తం సరిగ్గా కలపలేదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుని, పెద్దాయనకు తెలియకుండా మళ్లీ బాగుచేసి పెట్టేశాను. ఆ కాగితాలు చదువుతుంటే నాకు సిగ్గేసింది. లేచి వెళ్లి పెద్దాయనకు చెప్పేశాను. ఆయన "తెలుసమ్మా, చీటీల మీద తేదీలు చూశాను" అన్నారు.

ఆ వారమంతా పని అయ్యాక పైన చదువుకునే హాల్లోనే కూర్చున్నాను. ఈసారి ఏ పుస్తకం ముట్టుకున్నా ముందు మొదటి పేజీ వెనక్కి తిప్పాను. నా వైపు వాదనకు పాత పుస్తకాలు బాగుచేసేవాళ్ల శిక్షణ పుస్తకం ఒకటి దొరికింది. అట్ట చూస్తే పకోడీలు పొట్లం కట్టే కాగితంలా ఉంది, లోపల మాత్రం మాటమాటకీ లెక్క ఉంది. పిండి జిగురును నీళ్లతో తడిపి మళ్లీ విప్పొచ్చని, తెల్ల గమ్మును విప్పబోతే కాగితం పీచు దాంతోపాటు లేచొస్తుందని బొమ్మలతో చూపించారు.

ఇక బావ పేరా. నాలుగుసార్లు రాశాను. మూడుసార్లు మధ్యలోనే నా కోపం కలం పట్టుకుంది. నాలుగోసారి రాయడం ఆపి బావ షాపు తలచుకున్నాను. పొద్దున్నే విడి కాగితాల కట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చే విద్యార్థి, సాయంత్రం అయిదుకల్లా అప్పజెప్పాలి. విడి కాగితానికి మడత ఉండదు, మడత లేనిదాన్ని కుట్టడమెలా? పిండి జిగురైతే ఆరడానికే మర్నాడవుతుంది. అక్కడ నేనున్నా తెల్ల గమ్మే అందుకుంటాను. ఒట్టు, ఆ మాట నా నోటితో నేను అన్నప్పుడు గదిలో ఎవరూ లేకపోవడం నా అదృష్టం.

ఆదివారం పొద్దున్న షాపుకి వెళ్లాను. బావ కాగితాలు కోసే మిషనుకు నూనె వేస్తున్నాడు. చెయ్యి తుడుచుకుని కాగితం అందుకుని, "మళ్లీ ఏం తిట్టావే?" అన్నాడు.

"చదువు ముందు."

చదివాడు. ఇలా రాశాను: "విడి కాగితాల కట్టకు కుట్టు పడదు. దాన్ని పట్టి ఉంచేది జిగురొక్కటే. రోజుకు పదిసార్లు తెరిచే పుస్తకానికి వంగినా పగలని జిగురు కావాలి, తెల్ల గమ్ము వంగుతుంది. దానికి పురుగు పట్టదు. పిండి జిగురు పుస్తకాలకు పడుతుంది, మా లైబ్రరీలోనే ముప్ఫై పుస్తకాలకు పట్టింది, అవి బాగుచేసింది నేనే. పుస్తకం చదివేవాడికి రేపు కావాలి. వారం రోజులు బల్ల మీద విప్పి, కుట్టి, ఆరబెట్టి దాచుకోవడం కూడా పుస్తకాన్ని వాడకుండా చేయడమే." ప్రతి మాట పక్కనా అంకె, కింద ఆధారం. మొదటి ఆధారం ఆ రెండు పిన్నుల కాగితాలే.

అక్క తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇరవై రెండేళ్లుగా నేను చెప్తున్నది ఇదే కదే" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పలేదు బావా, అరిచావు."

"నువ్వు విన్నావా?"

"నేనూ అరిచాను."

అక్క ఫక్కున నవ్వింది. బావ చొక్కా జేబులోంచి పెన్ను తీసి, 'నా మాట ఇదే. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను' అని రాసి సంతకం చేశాడు. నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. కాగితం కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"కింద ఇంకా ఉందిగా?"

"అది నా జవాబు. దానికి నీ సంతకం అక్కర్లేదు, ఇలా ఇవ్వు."

"ఉండవే" అని చదవసాగాడు. విడి కాగితాలకు, కొత్త పాఠ్యపుస్తకాలకు తెల్ల గమ్మే మేలని ఒప్పుకున్నాను. మళ్లీ దొరకని పాత పుస్తకాలకు మాత్రం వద్దన్నాను, ఎందుకంటే వాటిని రేపు ఇంకొకరు విప్పాలి. శిక్షణ పుస్తకంలోని బొమ్మల సంగతి రాశాను. ఆఖరున ఇలా ముగించాను: "తెల్ల గమ్మును పరీక్షించినవారు అయిదేళ్ల వరకే చూశామన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అది పుస్తకాన్ని ఏం చేస్తుందో చూపే ఆధారం నాకు దొరకలేదు. అందుచేత ఆ విషయంలో నేను గట్టిగా ఏమీ అనలేను."

బావ ఆ ఆఖరి వాక్యం కింద వేలు పెట్టి మళ్లీ చదివాడు. తర్వాత లేచి బీరువా దగ్గరికి వెళ్లాడు. ఇరవై రెండేళ్లుగా కనపడని తాళం చెవి ఆయన చొక్కా జేబులోనే ఉంది. పాత గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా ముందు పెట్టి విప్పాడు.

నాన్న నోటుబుక్కు. వెన్ను చెక్కలా బిగుసుకుపోయింది. దాని అంచు వెంబడే పేజీలన్నీ పుటుక్కున విరిగి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వెన్నుకు మాత్రం చిరుగు అంచులు పళ్లదువ్వెనలా మిగిలాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"తొమ్మిదేళ్లవుతోంది."

"మరి భేషుగ్గా ఉందన్నావు!"

"ఏం చెప్పమంటావే? నేను నోరు విప్పితే 'చూశావా' అని ఎగరడానికి నువ్వు సిద్ధంగా ఉంటే..." బావ కళ్లజోడు తీసేశాడు. "ఆయన నాకూ గురువే. ఆ రోజు నేను ప్రేమతోనే చేశాను. నాకు తెలిసినవాటిలో అదే గట్టిదనుకున్నాను." నోటుబుక్కు నా వైపు జరిపాడు. "ఆధారం దొరకలేదన్నావుగా. ఇదిగో, ఇరవై రెండేళ్లది. ఎవరు చేశారని అడిగితే నా పేరే వెయ్యి."

ఇరవై రెండేళ్లుగా నోట్లో దాచుకున్న 'చూశావా' అన్న మాట అప్పుడు అనొచ్చు. రాలేదు. ఏడుపొచ్చింది. అక్కకీ వచ్చింది. ముగ్గురం కాసేపు ముక్కులు చీదుకున్నాం. ఆ తర్వాత అక్క టీ పెట్టింది, గాజు గ్లాసుల్లోనే ఇచ్చింది.

నోటుబుక్కును ఆఖరి ఆధారంగా చేర్చిన వ్యాసం నెగ్గింది. మేడమ్ పెద్దగా ఏమీ రాయలేదు. చివరి ఆధారం పక్కన మాత్రం, "ఈ సాక్ష్యం ఎదుటివారే తెచ్చిచ్చారా?" అని రాసి రెండు గీతలు గీసింది. పెద్దాయన కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. కొంచెం కిరకిరలాడుతుంది, బాగుచేయించాలి. పాఠ్యపుస్తకాల అర దగ్గర తెల్ల గమ్ము డబ్బా పెట్టించాను. ఆ సంగతి తెలిసిన రోజున బావ రెండుసార్లు ఫోన్ చేసి మరీ నవ్వాడు. తను సంతకం పెట్టిన పేరాకి అద్దం కట్టించి షాపు గోడకు తగిలించాడు. నా జవాబేదని అడిగితే, "అది నీ గోడకు తగిలించుకో" అన్నాడు.

ఆదివారాలు బావా నేనూ మా ఇంటి వరండాలో బల్ల వేసుకుని నాన్న నోటుబుక్కు బాగుచేశాం. జిగురు బావే కాచాడు. నాన్న నేర్పిన పాళ్లు ఒక్కటీ మరిచిపోలేదు, తుత్తం కూడా సరిగ్గా వేశాడు. విరిగిన ప్రతి పేజీకీ పల్చటి కాగితం పట్టీ అతికించి, మడత తెచ్చి, కుట్టడానికి పదకొండు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి "ఇక్కడొక్క చుక్క గమ్ము వేస్తే..." అన్నాడు. "చెయ్యి తియ్" అన్నాను. తీశాడు.

పని పూర్తయ్యాక, మా గది అలవాటు ప్రకారం చీటీ రాశాను. వాడినవి: పిండి జిగురు, నూలుదారం, పల్చటి కాగితం. తేదీ వేసి నా సంతకం చేశాను. చీటీ అంటించబోతుంటే బావ నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, అడక్కుండానే, నా పేరు కింద సంతకం పెట్టాడు.